చీమలకు పేరు పెట్టిన వైద్యుడు – థామస్ కావర్‌హిల్ జెర్డన్

చీమ కనిపించని ఇల్లు గోదావరి సీమలో లేదు. వాన రాకకు ముందు తెల్లని గ్రుడ్లను నోట కరచుకొని గోడ వెంబడి బారులు తీరే చీమలను, బెల్లపు కుండ చుట్టూ మూగే చలిచీమలను, మామిడి కొమ్మలపై ఆకులు చేర్చి గూడు కట్టుకొని, చెట్టెక్కినవాడు దిగేదాకా విడువని ఎర్రచీమలను మనమంతా బాల్యం నుండి చూస్తూనే ఉన్నాము. ఐనా వాటి భేదాలు తెలిసికొనే ఓపిక మనకు లేకపోయింది. చలిచీమ, గండుచీమ, ఎర్రచీమ, నల్లచీమ అనే నాలుగైదు మాటలతో సరిపెట్టుకొన్నాము. ఈస్టిండియా కంపెనీ కొలువులో వైద్యుడుగా వచ్చి, మన నెల్లూరిలో కొంతకాలం ఉద్యోగం చేసిన ఒక విదేశీయుడు దక్షిణ భారతదేశపు చీమలను జాతులుగా విడదీసి, ఒక్కొక్కదాని రూపాన్నీ నడవడినీ వర్ణించి, 1851లో ఒక పట్టిక ప్రకటించాడు. ఆయనే థామస్ కావర్‌హిల్ జెర్డన్. పక్షిశాస్త్రం చదివినవారికి ఈ పేరు సుపరిచితం. చీమల విషయంలో ఆయన చేసిన పని మాత్రం మన విద్యార్థిలోకానికి అంతగా తెలియదు. అందువల్ల ఆయన జీవితాన్ని ఇక్కడ చీమల వైపు నుండి చెప్పదలచుకొన్నాను.

మన డెల్టాకు ఇటువంటి వైద్యులు కొత్తవారు కారు. లినేయస్ శిష్యుడైన యోహాన్ గెర్హార్డ్ కోనిగ్ తరంగంబాడిలోని డేనిష్ స్థావరానికి వచ్చి, తంజావూరు ప్రాంతపు చెదలను గురించి 1779లో ఒక వ్యాసం వెలువరించి, చివరకు 1785లో కాకినాడలోని జగన్నాథపురంలో కన్నుమూశాడు. అంత్యకాలంలో ఆయనకు చికిత్స చేసినవాడు సామర్లకోటలో వైద్యుడుగా ఉన్న విలియం రాక్స్‌బర్గ్. మొక్కల శాస్త్రంలో ప్రసిద్ధుడైన ఆ రాక్స్‌బర్గే లక్కపురుగును పరిశీలించి సామర్లకోట నుండి వ్రాసి పంపిన వ్యాసాన్ని లండన్‌లోని రాయల్ సొసైటీ తన పత్రికలో 1791లో అచ్చువేసింది. ఆ రోజుల్లో ప్రకృతిశాస్త్రం ప్రత్యేకమైన ఉద్యోగం కాదు. జ్వరాలకు మందులిచ్చే వైద్యుడు తీరిక వేళ చేసికొనే వ్యాసంగం. జెర్డన్ ఆ త్రోవలో రెండు తరాల తరువాత నడచినవాడు.

జెర్డన్ 1811 అక్టోబరు 12వ తేదీన ఇంగ్లండులోని డరహం మండలంలో జన్మించాడు. తండ్రి ఆర్చిబాల్డ్ జెర్డన్. వారి కుటుంబానికి స్వస్థలం స్కాట్లండు సరిహద్దులో జెడ్‌బరో పట్టణానికి సమీపాన ఉన్న బాన్‌జెడ్‌వర్డ్. ఎడింబరో విశ్వవిద్యాలయంలో చదువుకొనే రోజుల్లో రాబర్ట్ జేమ్‌సన్ అనే ఆచార్యుని ప్రకృతిశాస్త్ర ఉపన్యాసాలు విన్నాడు. అంతకు రెండు మూడేళ్ళ ముందు అదే ఆచార్యుని ఉపన్యాసాలు విని విసిగిపోయిన ఇంకొక విద్యార్థి ఉన్నాడు. అతడు చార్లెస్ డార్విన్. ఒకే పాఠం ఒకరికి విసుగును, వేరొకరికి జీవితాంతపు వ్యసనాన్ని కలిగించవచ్చునని తెలిసినప్పుడు మా వంటి అధ్యాపకులకు కొంత ఊరట కలుగుతుంది.

వైద్యవిద్య ముగించుకొని 1835లో కంపెనీ కొలువులో సహాయ శస్త్రవైద్యుడుగా చేరి, 1836 ఫిబ్రవరిలో మద్రాసు రేవులో దిగాడు. మొదటి నియామకం గంజాం ప్రాంతంలోని సేనల వెంట. అక్కడి సైనికులను కత్తికంటె జ్వరమూ, రక్తగ్రహణీ ఎక్కువగా బలిగొంటున్న కాలమది. పిమ్మట రెండవ మద్రాసు అశ్వికదళంలో చేరి, ఆ దళంతో పాటు దక్కను పీఠభూమి మీదుగా జాల్నా వరకు ప్రయాణం చేశాడు. దళం మజిలీ చేసిన ప్రతిచోటా ఆయన పక్షులను సేకరించాడు. ఆ కృషికి ఫలంగా ద్వీపకల్ప భారతపు పక్షుల పట్టిక 1839 నుండి మద్రాసు సాహిత్య సంఘం వారి పత్రికలో వెలువడింది.

ఈ తొలినాళ్ళలోనే ఆయనకొక నష్టం కలిగింది. తాను సేకరించిన పక్షి చర్మాలను పేర్లు సరిచూడవలసినదిగా కోరుతూ స్కాట్లండులోని సర్ విలియం జార్డిన్ అనే ప్రముఖ పండితునికి ఓడ మీద పంపాడు. పెట్టె అక్కడికి చేరేసరికి చిమ్మటలు పట్టి లోపల ఈకల కుప్ప మాత్రమే మిగిలింది. నెలల తరబడి పడిన శ్రమ పురుగులపాలైంది. నాటి నుండి జెర్డన్ దూరదేశపు పండితుని తీర్పు కొరకు ఎదురుచూడక తన కంటినీ, తన నిర్ణయాన్నీ నమ్ముకొనసాగాడు. ఈ దేశంలో కూర్చుండి ఈ దేశపు ప్రాణికి ఈ దేశపు పత్రికలోనే పేరు పెట్టే ధైర్యం ఆయనకు ఇటువంటి అనుభవం వల్లనే అలవడి ఉంటుందని నా అభిప్రాయం. చీమల పట్టిక మద్రాసులో అచ్చు కావడానికి గల కారణం కొంతవరకు ఆ ఈకల కుప్పలోనే వెదకవచ్చును.

1841లో నీలగిరులలో ఉండగా ఫ్లోరా మక్లాడ్ అనే ఆమెను వివాహమాడాడు. ఆమె కూడ పుష్పచిత్రాలు వ్రాసే అభిరుచి కలది. ఆ తరువాత కొద్దికాలానికి జెర్డన్ నెల్లూరు జిల్లా వైద్యుడుగా వచ్చాడు. ఇక్కడి నుండి ఆయన కథ మనది కూడ అవుతుంది.

నెల్లూరిలో ఆయనకు గురువులైనవారు యానాదులు. శ్రీహరికోట అడవులలోను, కోరమండల తీరంలోను వేటయే జీవనాధారంగా బ్రతికిన ఆ గిరిజనులకు ఏ పిట్ట ఏ పొదలో గ్రుడ్లు పెడుతుందో, ఏ వేళకు మేతకు వస్తుందో కరతలామలకం. జెర్డన్ వారితో తిరిగి, పక్షుల అలవాట్లతో పాటు వాటి తెలుగు పేర్లను కూడ అడిగి వ్రాసుకొన్నాడు. తరువాతి కాలంలో ఆయన రచించిన పక్షుల గ్రంథంలోను, క్షీరదాల గ్రంథంలోను శాస్త్రనామాల సరసన తెలుగు పేర్లు ఇంగ్లీషు లిపిలో కనిపిస్తాయి. మన నిఘంటుకారులు చాలమంది చూడని పేటికలవి. ఐతే ఆ పేర్లు చెప్పిన యానాదుల స్వంత పేర్లు మాత్రం మనకు దక్కలేదు. పిట్టలకు ఇంత భద్రంగా పేర్లు వ్రాసిపెట్టిన చరిత్రలో, వాటిని చూపించిన మనుషుల పేర్లు ఇలా జారిపోవడం చదివేవారి మనస్సుకు కష్టం కలిగించే విషయమే.

ఈ తెలుగు సీమ మెట్ట అడవులలోనే ఆయనకు ఒక వింత పక్షి దొరికింది. పగలు ముళ్ళపొదల నీడన దాగి, రాత్రివేళ నేలపై పరుగులు తీసే ఆ పక్షికి కలకత్తాలోని ఎడ్వర్డ్ బ్లైత్ 1848లో శాస్త్రనామం కూర్చాడు. కడప ప్రాంతంవారు కలివికోడి అని పిలిచే పక్షి ఇదే. 1900లో అనంతపురం సమీపాన ఒకసారి కనిపించిన పిమ్మట ఎవరికీ కానరాక అంతరించిపోయినదని శాస్త్రజ్ఞులు నిశ్చయించుకొన్న ఈ పక్షి, 1986 జనవరిలో కడప జిల్లా సిద్ధవటం ప్రాంతంలోని రెడ్డిపల్లె వద్ద మళ్ళీ దొరకడం, శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడడం అందరికీ తెలిసిన కథ. జెర్డన్ పేరు ఆంధ్రదేశంలో నిలిచి ఉండడానికి ముఖ్యకారణం ఈ కోడియే. ఇక చీమల సంగతి.

నెల్లూరు తరువాత జెర్డన్ మలబారు తీరంలోని తలచ్చేరికి వైద్యుడుగా వెళ్ళాడు. అక్కడి పచ్చని కొండవాలులు, ఎడతెగని వానలు, తడి ఆరని నేల చీమలకు పుట్టినిల్లు. పక్షిని చూడడానికి తుపాకి పట్టుకొని అడవికి పోవాలి. చీమను చూడడానికి కాలి క్రింద చూపు నిలిపితే చాలు. ఐతే ఆ చూపు నిలపడమే కష్టం. దక్షిణ భారతంలో కనిపించే చీమజాతుల పట్టిక అన్న పేరుతో ఆయన వ్రాసిన దీర్ఘవ్యాసాన్ని మద్రాసు పత్రిక 1851లో ప్రకటించింది. మూడేళ్ళ తరువాత, 1854లో, లండన్‌లోని ఒక ప్రకృతిశాస్త్ర పత్రిక దానిని మరల ముద్రించింది. ఆ 1851లో మన ధవళేశ్వరం వద్ద కాటన్ దొర ఆనకట్ట ఇంకా పూర్తి కాలేదని గుర్తుచేసికొంటే కాలం అంచనా తెలుస్తుంది.

శాస్త్రనామం అంటే ఏమిటో విద్యార్థుల కొరకు ఇక్కడ ఒక మాట చెప్పాలి. లినేయస్ ఏర్పరచిన పద్ధతిలో ప్రతి ప్రాణికి రెండు మాటల పేరు ఉంటుంది. మొదటిది ప్రజాతి పేరు, రెండవది జాతి పేరు. మన తెలుగువారి పేర్లలో ఇంటిపేరు ముందూ, పెట్టిన పేరు వెనుకా ఉన్నట్లే ఇదీ. ఒక ప్రాణికి ఇద్దరు వేరువేరు పేర్లు పెడితే ముందుగా అచ్చైన పేరే చెల్లుతుంది. ఒకే పేరును ఇద్దరు వేరువేరు ప్రాణులకు పెడితే, ముందువాడు వాడిన ప్రాణికే అది దక్కుతుంది. ఈ రెండు సూత్రాలు జ్ఞాపకం ఉంచుకొంటే తరువాతి కథ సులభంగా బోధపడుతుంది.

జెర్డన్ పేరు పెట్టిన చీమలలో అన్నింటికంటె విచిత్రమైనది ఎగిరి దూకే చీమ. దీని పొడవు ఇంచుమించు ఒకటిన్నర సెంటీమీటర్లు, ఒక్కొక్కసారి ఇంకా కొంచెం ఎక్కువ. కళ్ళు పెద్దవి, ముందుకు వచ్చినవి. దవడలు కొడవళ్ళ వలె సన్నగా, పొడవుగా సాగి, కొనలు పైకి వంగి ఉంటాయి. అంతవరకు తెలిసిన ఏ ప్రజాతిలోనూ ఇది ఇమడకపోవడం వల్ల జెర్డన్ దీని కొరకు ఒక కొత్త ప్రజాతినే కల్పించి, హార్పెగ్నాథాస్ సాల్టేటర్ అని పిలిచాడు. మొదటి మాట గ్రీకు, కొడవలి దవడలు కలదని అర్థం. రెండవది లాటిన్, దూకేది, నర్తించేది అని అర్థం. రూపాన్ని ఇంటిపేరులోను, నడవడిని పెట్టిన పేరులోను నిలిపిన ఈ నామకరణం, భాష బోధించే నా వంటివానికి సమాసం కుదిరినంత ఆనందాన్ని కలిగిస్తుంది.

రూపవర్ణనతో ఆయన ఆగలేదు. ఈ చీమ మొక్కల వేళ్ళ చెంత నేలలో గూడు కట్టుకొంటుందనీ, ఒక్కొక్క గూటిలో ఉండే చీమల సంఖ్య చాల తక్కువనీ, పురుగులను సజీవంగా పట్టుకొంటుందనీ, బెదిరినప్పుడు ఆశ్చర్యం గొలిపేటంత దూరం దూకుతుందనీ, కాటు, కుట్టు రెండూ తీవ్రమనీ వ్రాశాడు. ఎక్కువగా మలబారులోను, కొంత మైసూరులోను, చాల అరుదుగా కర్ణాటక మైదానాలలోను చూచినట్లు తెలిపాడు. కర్ణాటకమంటే నేటి రాష్ట్రం కాదు. ఆర్కాటు నవాబుల ఏలుబడిలో ఉండిన తూర్పుతీరపు సీమకు ఇంగ్లీషువారు వాడిన పేరు. నెల్లూరు కూడ ఆ సీమలోనిదే.

ఆ పట్టికలో నాకు మిక్కిలి నచ్చిన భాగం విత్తనాలు మోసే చీమలది. చీమలు ధాన్యం కూడబెడతాయని తూర్పుదేశాలవారు అనాదిగా ఎరుగుదురు. సులేమాన్ పేర ప్రసిద్ధమైన సామెతల గ్రంథంలో కూడ ఆ మాట ఉన్నది. కాని ఐరోపా ఉత్తరభాగంలోని శాస్త్రజ్ఞులు తమ దేశపు చీమలను త్రవ్వి చూచి, ఎక్కడా గింజ కనిపించక, పూర్వులు చీమగ్రుడ్లను చూచి గింజలని భ్రమపడ్డారని తీర్పు చెప్పారు. వారి చీమలు చలికాలమంతా ముడుచుకొని పడుకొంటాయి కనుక వాటికి గాదెతో పనిలేదు. పూనా ప్రాంతంలో కర్నల్ సైక్స్ అనే సేనాని చీమలు గడ్డిగింజలను బయటికి తెచ్చి ఎండబెట్టడం చూచి 1830లలో ఆ సంగతి తెలియజేసినా సందేహం పూర్తిగా తీరలేదు.

జెర్డన్‌కు ఈ సందేహం గ్రంథాలలో తారసపడినది కాదు, స్వంత గదిలోనే ఎదురైంది. తోటలో చల్లిన ముల్లంగి, కేరట్, కాబేజి విత్తనాలను చీమలు ఒక్క రాత్రిలో తుడిచిపెట్టుకొని పోయేవి. విత్తనాలు చల్లిన కుండలను వ్రేలాడగట్టితే తప్ప మొలక దక్కేది కాదు. గదిలో దాచిన విత్తనాల పొట్లాలు విప్పి చూస్తే ఖాళీ కాగితాలు మిగిలేవి. విత్తులు పోగొట్టుకొన్న తోటమాలి చీమను తిట్టుకొంటాడు. జెర్డన్ వాటి దారి పట్టుకొని వెళ్ళి, గూటి ద్వారం ముందు కూర్చున్నాడు. వర్షాకాలపు చివర గూటి నుండి గింజలు బయటికి రావడం ఆయన కూడ చూచాడు. ఐతే వాటిలో కొన్నిచోట్ల ఉన్నవి గింజలు కావు, తిని పారవేసిన పొట్టు కుప్పలేమో అని శంకించాడు. గింజలను పెద్దచీమలు తింటాయా, పిల్లలకు పెడతాయా అన్నది తనకు తెలియదని దాచకుండా వ్రాశాడు. మోసుకొనిపోవడం చూచాను, తినడం చూడలేదు అని చెప్పగల ఈ నిగ్రహమే ఆయన సాక్ష్యానికి బలం. 1873లో జాన్ మోగ్‌రిడ్జ్ అనే యువకుడు మధ్యధరా తీరంలోని చీమల గాదెలను త్రవ్వి, గింజల నిల్వను నిస్సంశయంగా నిరూపించినప్పుడు, సైక్స్‌తో పాటు జెర్డన్ వ్రాతలను కూడ తన గ్రంథంలో ఆధారంగా చూపాడు. అప్పటికే జెర్డన్ మరణించాడు.

మామిడిచెట్ల ఎర్రచీమకు జెర్డన్‌కు పూర్వమే ఫాబ్రీషియస్ 1775లో పేరు పెట్టి ఉన్నాడు. జెర్డన్ దాని నడవడిని వర్ణించాడు. ఆకులను దగ్గరకు లాగి సన్నని పట్టు పొరతో అతికించడం, కొమ్మ కదిలితే చాలు గుంపుగా పైనబడడం చెప్పి, ఒక వేడుకైన సంగతి కూడ విన్నది విన్నట్లుగా చేర్చాడు. ఇళ్ళలో కందిరీగలు పట్టు పెడితే వాటిని తరమడానికి ఈ చీమలను తెచ్చి వదులుతారట. చీమలు కందిరీగలను నాశనం చేయడం నిజమే గాని, ఆ పోరులో వాటికి వచ్చిన కోపానికి ఇంటివారు కూడ గురి అవుతారట. దొంగను పట్టడానికి పిలిచిన వస్తాదు ఇంటిలోనే తిష్ట వేసినట్లన్నమాట. ఆ పట్టుదారం పెద్దచీమల నుండి కాక, అవి నోట పట్టుకొని కండె వలె అటూ ఇటూ త్రిప్పే డింభకాల నుండి వస్తుందన్న రహస్యం ఆయనకు తెలియదు. అది పందొమ్మిదవ శతాబ్ది చివరి దశకంలో గాని స్పష్టం కాలేదు.

జెర్డన్ పెట్టిన పేర్లతో నేటికీ పిలువబడే చీమలు మన చుట్టుప్రక్కల ఇంకా ఉన్నాయి. చెట్ల ఎండు కొమ్మలలో నివసించి, నల్లని తల, నల్లని ఉదరం, మధ్య ఎర్రని నడిమిభాగంతో చలాకీగా తిరిగి, చేయి తగిలితే మంటపుట్టేటట్లు కుట్టే చీమను ఆయన రూఫోనైగ్రా అన్నాడు. ఎరుపు నలుపుల కలయిక అని అర్థం. బారులు తీరి చెదల వేటకు పోయే నల్లచీమ ప్రొసెషనాలిస్, అనగా ఊరేగింపు చీమ. ఇళ్ళలో చేరి తిండి పదార్థాలతో ఆగక బట్టలను, కరెంటు తీగల పైతొడుగులను కూడ కొరికే చిన్నచీమ డిస్ట్రక్టర్, అనగా విధ్వంసి. పూలపైన తిరిగే అతి చిన్నచీమ ఫ్లోరికోలా, అనగా పుష్పవాసిని. వీటిని ఇంటిపేరు వంటి ప్రజాతులలో పెట్టడంలో తరువాతివారు అనేక మార్పులు చేశారు. ఆయన పెట్టిన పేరు మాత్రం అన్నింటికీ నిలిచింది.

ఈ నిలవడం వెనుక ఒక ఆశ్చర్యకరమైన సంగతి ఉన్నది. కొత్త జాతికి పేరు పెట్టినవాడు తాను చూచిన ప్రాణిని, అనగా మూల నమూనాను, ఒక ప్రదర్శనశాలలో భద్రపరచడం శాస్త్ర సంప్రదాయం. సందేహం కలిగినప్పుడు దానిని తీసి చూచుకొంటారు. జెర్డన్ వర్ణించిన చీమలలో చాలవాటికి అటువంటి మూల నమూనాలు నేడు లభించవు. మన వేడికి, తేమకు, పురుగులకు చచ్చిన చీమ ఎంతకాలం ఆగుతుంది? మిగిలినవి ఆయన వాక్యాలు మాత్రమే. తరువాత బర్మా అడవుల అధికారి బింగ్‌హాం మొదలైనవారు ఆ వాక్యాలను చేత పట్టుకొని, ఇదిగో జెర్డన్ చెప్పిన చీమ ఇదే అని గుర్తుపట్టారు. బింగ్‌హాం 1903లో ప్రచురించిన భారతదేశపు చీమల గ్రంథంలో జెర్డన్ పరిశీలనలు పలుచోట్ల దర్శనమిస్తాయి. రంగు, కొలత మాత్రమే వ్రాసి ఉంటే వాటిలో కొన్నింటిని గుర్తించడం సాధ్యమయ్యేది కాదు. గూడు ఎక్కడ, తిండి ఏమిటి, నడక ఎటువంటిది అని వ్రాయడం వల్లనే గుర్తింపు నిలిచింది. వస్తువు నశించి వర్ణన మిగలడం మన సాహిత్యంలో కోటలకూ నగరాలకూ జరిగింది. ఇక్కడ చీమకు జరిగింది.

అన్నిచోట్ల అదృష్టం ఆయన పక్షాన లేదు. పొడవైన కాళ్ళతో, పిచ్చిపట్టినట్లు దిశ లేకుండా పరుగెత్తే పసుపురంగు చీమకు ఆయన ఫార్మికా లాంగిపెస్, అనగా పొడుగు కాళ్ళ చీమ, అని పేరు పెట్టాడు. ఆ పేరునే ఫ్రాన్సులో లాట్రెయ్ అనే పండితుడు 1802లో వేరొక చీమకు వాడి ఉన్నాడు. కనుక పై సూత్రం ప్రకారం జెర్డన్ పేరు చెల్లలేదు. ఆయన పేరు చాలకాలం పుస్తకాలలో వాడుకలో ఉన్నా, చివరకు 1857లో ఫ్రెడరిక్ స్మిత్ సింగపూరు నుండి వచ్చిన చీమకు పెట్టిన గ్రాసిలిపెస్ అనే పేరు స్థిరపడింది. దాని అర్థం సన్నకాళ్ళది. ఓడల వెంట ఉష్ణదేశాలన్నింటికీ వ్యాపించిన ఈ చీమ, హిందూ మహాసముద్రంలోని క్రిస్మస్ దీవిలో 1989 నుండి మహాసమూహాలుగా పెరిగి కోటికి పైగా ఎర్రపీతలను హతమార్చింది. అదే స్మిత్ 1858లో జెర్డన్ దూకే చీమకు కూడ వేరొక ప్రజాతి నామం పెట్టాడు. డ్రెపనోగ్నాథస్ అన్న ఆ మాటకు కూడ కొడవలి దవడలదనే అర్థం. కొన్ని దశాబ్దాలు ఆ పేరే చెలామణి అయింది. కాని అక్కడ జెర్డన్ ముందున్నాడు. ఆయన మాటే గెలిచింది.

చీమల పట్టిక తరువాత ఆయన జీవితం పక్షులకే అంకితమైంది. 1857 నాటి తిరుగుబాటు కాలంలో మధ్యభారతంలోని సాగర్‌లో ఉన్నాడు. గవర్నరు జనరల్ కానింగ్ ప్రభువు ఆయనను మామూలు విధుల నుండి తప్పించి గ్రంథరచనకు అవకాశం కల్పించాడు. దాని ఫలితమైన భారతదేశపు పక్షులు అనే గ్రంథం 1862 – 64 మధ్య వెలువడి, ఆ తరం వేటగాళ్ళకు, ఉద్యోగులకు, పండితులకు కూడ కరదీపిక అయింది. 1867లో క్షీరదాల గ్రంథం వచ్చింది. సరీసృపాలు, చేపల విషయమై కూడ వ్రాశాడు. 1868లో ఉద్యోగ విరమణ చేసినా స్వదేశానికి వెళ్ళక అస్సాం అడవులకు ప్రయాణమయ్యాడు. గౌహతిలో తీవ్రమైన జ్వరం పట్టి, ఆరోగ్యం పూర్తిగా చెడి, 1870లో ఇంగ్లండు చేరాడు. 1872 జూన్ 12వ తేదీన లండన్ సమీపంలోని అప్పర్ నార్‌వుడ్‌లో అరవైయొకటవ ఏట మరణించాడు.

ఆయన చూచిన దూకే చీమ తరువాతి శాస్త్రజ్ఞుల చేతిలో ఇంకా ఎన్నో వింతలు బయటపెట్టింది. 1994లో దాని గూటి నిర్మాణం వివరంగా వెల్లడైంది. నేలలోపల గదులుంటాయనీ, వాటి లోపలి గోడలకు ఖాళీ అయిన పట్టుగూళ్ళ ముక్కలను కాగితం వలె అతికించుకొంటాయనీ, వాన నీరు లోనికి రాకుండ ఆ కట్టడం కాపాడుతుందనీ తెలిసింది. సాధారణంగా ఒక గూటిలో ఉండేది కొన్ని పదుల చీమలే. సంఖ్య తక్కువని 1851లో వ్రాసిన మాట అలాగే నిలిచింది. రాణిచీమ మరణించినప్పుడు పనిచీమలు మీసాల వంటి స్పర్శశృంగాలతో రోజుల తరబడి ద్వంద్వయుద్ధాలు చేసికొంటాయి. నెగ్గినవి గ్రుడ్లు పెట్టసాగుతాయి. వాటి ఆయుర్దాయం అనేక రెట్లు పెరుగుతుంది. 2010లో దీని జన్యుపటలం మొత్తం చదివారు. చీమలలో మొట్టమొదట చదివిన రెండింటిలో ఇది ఒకటి. గ్రుడ్లు పెట్టే స్థాయికి చేరిన పనిచీమ మెదడు సుమారు ఐదవ వంతు కుంచించుకొనిపోతుందనీ, దానిని ఆ పదవి నుండి తప్పించి మళ్ళీ పనిలో పెడితే మెదడు తిరిగి మునుపటి పరిమాణానికి పెరుగుతుందనీ 2021లో ప్రకటించారు. ఈ పరిశోధనలన్నింటి శీర్షికలలోను, మలబారు నేలపై వంగి చూచిన దండు వైద్యుడు కూర్చిన ఆ రెండు మాటల పేరే ఉన్నది.